కొత్త వంట ఏ దారిలో మొదలుపెట్టాలి? కాలేజీ రోజుల్లో వండి పంచుకునేవాళ్లకు నాలుగు దారుల పోలిక

ఎప్పుడూ తినని వంటకాన్ని మన చేత్తో వండి పక్క గదివాళ్లకు పెడితే, వాళ్లు గిన్నెలోకి తొంగిచూసి "ఇంకొంచెం ఉందా?" అని అడిగితే కలిగే సంతోషం వేరు. కాలేజీలో మొదటి ఏడాదంతా నేను ఆ సంతోషం వెనకే తిరిగాను. ఒక వారం బ్రెడ్ చేశాను. తర్వాతి వారం క్యాబేజీ పులియబెట్టాను. ఆ పై వారం పేరు కూడా సరిగ్గా పలకలేని సూప్ ఒకటి పెట్టాను. దేన్నీ మూడోసారి చెయ్యలేదు, అందుకే ఏదీ చేతికి రాలేదు. రెండో ఏడాది ఒకే దారి పట్టుకున్నాక ఆరు వారాల్లో నాకు వచ్చిన వంట, మొదటి ఏడాది మొత్తం కలిపినా రాలేదు.

అందుకే ఈ పోలిక. ప్రయోగాలు చేయాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్ల ముందు సాధారణంగా నాలుగు దారులుంటాయి: ఒకే గిన్నెలో వండే కొత్త వంటకాలు, బేకింగ్, పులియబెట్టడం, మంట అక్కర్లేని వంటలు. నాలుగూ మంచివే. కానీ మీ గదికి, మీ టైమ్‌కి, మీ ఓపికకి నాలుగూ ఒకేలా సరిపోవు.

## ముందు ఏం చూసుకోవాలి

చాలామంది "ఏది బాగుంటుంది?" అని మొదలుపెడతారు. నా మొదటి ప్రశ్న "పాడైతే ఏం పోతుంది?" అన్నది. కొత్త వంట మొదటిసారి పాడవడం మామూలే. ఆ పాడైంది తినగలిగేలా ఉంటే మీరు రెండోసారి చేస్తారు. మొత్తం చెత్తబుట్టలో పడి, ఆ రాత్రి ఆకలితో పడుకోవాల్సి వస్తే మళ్లీ స్టవ్ దగ్గరికి వెళ్లడానికి నెల పడుతుంది.

రెండోది, మధ్యలో దిద్దుకునే వీలు. కొన్ని వంటల్లో రుచి చూస్తూ, తగ్గింది కలుపుకుంటూ పోవచ్చు. కొన్నిట్లో లోపల పెట్టి తలుపు వేశాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

మూడోది గది. ఏ పరికరం ఉంది, దాన్ని వాడటానికి హాస్టల్లో అనుమతి ఉందా, ప్లగ్ పాయింట్ దాన్ని మోస్తుందా? ప్లగ్ పాయింట్ మీద రాసి ఉన్న ఆంపియర్లను మీ దగ్గరి వోల్టేజీతో గుణిస్తే అది ఎన్ని వాట్లు తట్టుకుంటుందో తెలుస్తుంది. పరికరం వెనక రాసిన వాట్లు అంతకంటే తక్కువ ఉండాలి. రైస్ కుక్కర్, ఓవెన్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టడం ఎప్పుడూ వద్దు. వాసన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీకు ఘుమఘుమలాడే వాసన, రేపు పరీక్ష ఉన్న రూమ్మేట్‌కి తలనొప్పి కావచ్చు.

నాలుగోది, పంచుకోవడం. దీనికి రెండు అర్థాలున్నాయి, రెండూ ముఖ్యమే. వండింది డబ్బాలో పెట్టుకుని ఇంకోచోటికి తీసుకెళ్లగలమా? మనం చెప్పింది విని ఇంకొకరు అదే వంట మళ్లీ చేయగలరా? నా దృష్టిలో ఒక వంట మనకు నిజంగా వచ్చిందని తేలేది ఈ రెండో దానితోనే.

చివరిది ఆరోగ్యం. సరదా పడి నలుగురికి పెట్టిన వంటతో నలుగురి కడుపూ పాడైతే ఇక ఆ గదిలో ఎవరూ మన వంట ముట్టరు. ఒక్కో దారికీ ఒక్కో ప్రమాదం ఉంది, వాటిని ఎక్కడికక్కడ చెబుతాను.

| | ఒకే గిన్నె వంట | బేకింగ్ | పులియబెట్టడం | మంట లేని వంట |
|---|---|---|---|---|
| పాడైతే పోయేది | తక్కువ, చాలావరకు తినగలం | ఎక్కువ, పిండి మొత్తం పోతుంది | డబ్బు తక్కువ, కానీ రోజులు పోతాయి | చాలా తక్కువ |
| మధ్యలో దిద్దుకునే వీలు | ప్రతి అడుగులోనూ | పిండి కలిపేటప్పుడు మాత్రమే | మొదటి రోజు ఉప్పు దగ్గరే | చివరి నిమిషం దాకా |
| కావాల్సినవి | స్టవ్ లేదా రైస్ కుక్కర్, మందపాటి గిన్నె | ఓవెన్, తూకం మిషన్ | గాజు సీసా, తూకం మిషన్ | కత్తి, పెద్ద గిన్నె, వేడినీళ్ల కెటిల్ |
| మనం దగ్గరుండాల్సిన సమయం | 30 నుంచి 60 నిమిషాలు | గంటలోపే, మిగతాదంతా ఎదురుచూపు | 20 నిమిషాలు, తర్వాత రోజుకొక నిమిషం | 15 నుంచి 30 నిమిషాలు |
| మోసుకెళ్లడం | కష్టం, ఒలుకుతుంది | చాలా సులువు | సులువు | వెంటనే తింటేనే బాగుంటుంది |
| ఇంకొకరు మళ్లీ చేయగలగడం | మధ్యస్థం | తూకంతో రాస్తే చాలా బాగా | చాలా బాగా | బాగా |
| ముఖ్యమైన జాగ్రత్త | మిగిలింది బయట వదిలేయడం | పచ్చిపిండి తినడం | ఉప్పు తగ్గడం, బూజు | శుభ్రత, చల్లదనం |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి గానీ చేతిలోకి తీసుకున్నాక అలా ఉండవు. ఒక్కోదాన్ని విడిగా చూద్దాం.

## ఒకే గిన్నె వంట

మొదటిసారి చేసేవాళ్లకు నా ఓటు దీనికే. ఉల్లిపాయ, ఏదో ఒక మసాలా, ఒక కూరగాయ లేదా గింజ, కొంచెం ద్రవం, బియ్యమో నూడిల్సో. ప్రపంచంలో ఏ మూలకు వెళ్లినా ఒకే గిన్నె వంటలకు మూలం దాదాపు ఇదే. మసాలా మారితే దేశం మారినట్టు రుచి మారుతుంది. అంటే చేసే పని తెలిసిందే, రుచి మాత్రమే కొత్తది. అందుకే ఇక్కడ సాహసం చేసినా కాళ్లు నేలమీదే ఉంటాయి.

ఇందులో అసలు లాభం దిద్దుకునే వీలు. చెంచాతో తీసి, ఊదుకుని రుచి చూడండి. చప్పగా ఉంటే ముందు ఉప్పు, తర్వాత కొంచెం పులుపు వేయండి. అయినా ఏదో వెలితిగా ఉంటే టమాటా, పుట్టగొడుగులు, సోయా సాస్ లాంటివి ఆదుకుంటాయి. వీటిలో గ్లూటమేట్ ఉంటుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి దీన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మాంసం లేకుండానే పులుసుకి నిండుదనం రావాలంటే ఈ రుచే దారి.

కారం ఎక్కువైతే నీళ్లు పోయకండి. కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు, పెరుగు, కొబ్బరిపాలు, నట్ బటర్, వీటిలో ఏదైనా పనిచేస్తుంది. ఉప్పు ఎక్కువైతే ఆలుగడ్డ వేస్తే లాగేస్తుందని అంటారు గానీ అది ఉప్పుతోపాటు నీళ్లనూ పీలుస్తుంది, మిగిలిన పులుసు ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పు లేని ద్రవమో, ఉడికించిన గింజలో కలిపి మొత్తాన్ని పెంచడమే మందు. ఒక గిన్నె కాస్తా గిన్నెన్నర అవుతుంది, ఇంకో ఇద్దర్ని పిలవచ్చు.

ఎక్కువమంది తప్పు చేసేది మొదటి పది నిమిషాల్లోనే. ఆకలి మీద ఉండి అన్నీ ఒకేసారి వేసేస్తారు. గిన్నె నిండిపోతే ముక్కల నుంచి నీరు దిగుతుంది, నీరున్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ముక్క ఎర్రబడి, ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. ఫ్రాన్స్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించిన ఈ చర్యకు ఆయన పేరే నిలిచింది. ఉల్లిపాయలు వేశాక ఓ ఐదు నిమిషాలు చెవి పెట్టి వినండి. మొదట బుసబుసమని నీటి శబ్దం వస్తుంది. ఆ శబ్దం తగ్గి చిటపటలు మొదలైతే నీరు పోయి రంగు రావడం మొదలైందని గుర్తు. తర్వాతి దినుసు వేయాల్సింది అప్పుడే. నాకు ఈ ఒక్క సంగతి తెలిశాక అదే రెసిపీ వేరే మనిషి వండినట్టు మారిపోయింది.

రైస్ కుక్కర్ ఒక్కటే ఉన్నవాళ్లు దిగులు పడనక్కర్లేదు. లోపల నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇంకిపోగానే వేడి పెరుగుతుంది, అప్పుడు స్విచ్ టక్కున పైకి లేస్తుంది. అంటే కుక్కర్‌కి తెలిసింది బియ్యం కాదు, నీళ్లు. కాబట్టి నీళ్లు ఇంకేదాకా ఉడికించాల్సిన ఏ వంటైనా దానికి అప్పజెప్పవచ్చు. ఎర్రగా వేయించడం మాత్రం దాని వల్ల అంతగా కాదు. అందుకే వేయించిన రుచి కావాలంటే మసాలాల మీద ఆధారపడాలి. ఇండక్షన్ స్టవ్ కొనాలనుకుంటే మీ గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే ఆ గిన్నె పనికొస్తుంది.

ఈ దారిలో ఒక జాగ్రత్త మరీ మరీ చెప్పాలి. రాజ్మా గింజలను తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే పద్ధతి ఎక్కడైనా కనిపిస్తే నేరుగా పచ్చివి వేసేయకండి. వాటిలో ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగైదు పచ్చి గింజలు చాలు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా అరగంట మరిగించాకే మిగతా వంటలోకి వేయాలి.

## బేకింగ్

బేకింగ్ చేసేవాళ్లకు గదిలో ఒక ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది. ఓవెన్ తలుపు తీయగానే వరండా చివరి గది నుంచి కూడా జనం వస్తారు. మోసుకెళ్లడం తేలిక, ముక్కలు చేసి పంచడం తేలిక, మర్నాటికి కూడా బాగుంటుంది. పంచుకోవడమే మీ మొదటి కోరికైతే దీన్ని మించింది లేదు.

కానీ తలుపు మూశాక దిద్దుకోలేం. అందుకే ఇక్కడ కళ్లతో అంచనా వేయడం కంటే తూకం మేలు. కప్పుతో పిండి తీస్తే, తేలిగ్గా నింపినప్పుడు 120 గ్రాములు పట్టే అదే కప్పు, అదిమి నింపితే 150 గ్రాముల దాకా పడుతుంది. నాలుగు కప్పుల రెసిపీలో ఆ తేడా ఏకంగా 120 గ్రాములు. బ్రెడ్ రాయిలా వచ్చిందని బాధపడేవాళ్లలో చాలామంది తప్పు ఇదే. బేకింగ్ దారి పట్టాలనుకుంటే ఓవెన్ కంటే ముందు ఒక గ్రాము తేడా కూడా చూపే తూకం మిషన్ కొనండి.

నా మొదటి బ్రెడ్ పొంగలేదు. ఈస్టును వేడినీళ్లలో వేయాలని ఎక్కడో చదివి, కెటిల్‌లో అప్పుడే మరిగిన నీళ్లు పోశాను. ఈస్టు ప్రాణమున్న జీవి, 60 డిగ్రీలకు చేరేలోపే చచ్చిపోతుంది. నీళ్లు గోరువెచ్చగా, అంటే వేలు పెడితే వేడీ చలీ తెలియనట్టు ఉంటే చాలు. ఆ పిండి ముద్ద రాత్రంతా ఎలా పెట్టింది అలాగే ఉండటం, పొద్దున్నే గుడ్డ తీసి చూసినప్పుడు వేలి గుర్తులు కూడా చెక్కుచెదరకపోవడం ఇప్పటికీ గుర్తుంది.

మొదటి బ్రెడ్‌కి నేను ఇచ్చే లెక్క ఇది: 500 గ్రాముల మైదా లేదా బ్రెడ్ పిండి, 350 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, పావు టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్టు. పిసకక్కర్లేదు. కలిపి, మూతపెట్టి 12 నుంచి 18 గంటలు వదిలేయడమే. గది వేడిగా ఉంటే ఇంకా ముందే పొంగుతుంది, కాబట్టి గడియారం కంటే పిండినే చూడండి. రెండింతలై, పైన బుడగలు కనిపిస్తే అయినట్టే. తర్వాత గుండ్రంగా చుట్టి, మళ్లీ కొంచెం పొంగనిచ్చి, 230 డిగ్రీల ఓవెన్‌లో సుమారు 40 నిమిషాలు కాల్చాలి. పిసకడం చేసే పనిని ఇక్కడ సమయం చేస్తుంది, మీరు క్లాసుకు వెళ్లిరావచ్చు.

చిన్న ఓవెన్లలో వేడి అన్నివైపులా సమానంగా ఉండదు. సగం టైమ్ అయ్యాక ట్రేను అటూ ఇటూ తిప్పాలి. మైక్రోవేవ్ మాత్రమే ఉన్నవాళ్లు బేకింగ్ గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దని నేరుగా చెబుతున్నాను. అది నీటిని వేడి చేసి ఉడికిస్తుంది, పైపెంకు ఎర్రబడదు. మగ్‌లో కేకు అవుతుంది, కరకరలాడే బ్రెడ్ అవ్వదు. రైస్ కుక్కర్‌లో కేకు బాగానే ఉడుకుతుంది, కాకపోతే అడుగున తప్ప ఎక్కడా రంగు రాదు.

పచ్చిపిండి రుచి చూసే అలవాటు ఉంటే మానేయండి. గుడ్డు వేయకపోయినా పచ్చిపిండితో ప్రమాదమే, ఎందుకంటే పిండి కూడా పొలం నుంచి వచ్చిన పచ్చి పదార్థమే. దానిలో ఈకోలై, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది.

## పులియబెట్టడం

ఓవెన్ లేదు, స్టవ్‌కి అనుమతి లేదు, కానీ సాహసం కావాలి అనేవాళ్లు దీన్ని ఒకసారి చూడాలి. ఒక సీసా, ఒక కూరగాయ, ఉప్పు. అంతే. క్యాబేజీని సన్నగా తరిగి, దాని బరువులో రెండు శాతం ఉప్పు, అంటే కిలోకి 20 గ్రాములు కలిపి, చేత్తో ఐదు నిమిషాలు గట్టిగా నలపండి. మొదట ఏమీ జరగదు. తర్వాత వేళ్ల మధ్య తడి తగులుతుంది. ఇంకాసేపటికి గిన్నె అడుగున నీరు ఊరి, పెళుసుగా ఉన్న ఆకు మెత్తగా వేలాడుతుంది. ఆ నీటితో సహా సీసాలో అదిమి పెట్టి, ముక్కలన్నీ నీటిలో మునిగేలా పైన బరువు పెట్టాలి.

రెండు మూడు రోజుల్లో బుడగలు మొదలవుతాయి. మంచి బ్యాక్టీరియా చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, పులుపు పెరిగేకొద్దీ చెడు సూక్ష్మజీవులు నిలవలేవు. ఉప్పు చేసే పని ఆ మంచి బ్యాక్టీరియాకు ముందుగా చోటు ఇవ్వడం. ఆరోగ్యం పేరు చెప్పి ఉప్పు తగ్గించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రుచికి తగ్గించుకోవాలంటే తినేటప్పుడు తక్కువ తినండి, సీసాలో మాత్రం తగ్గించకండి.

గ్యాస్ పుడుతుంది కాబట్టి మూత బిగించకూడదు, లేదా రోజూ ఒకసారి వదులు చేయాలి. నేను రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి సీసాలోని రసం పొంగి బల్లంతా కారి, నా రూమ్మేట్ నోట్స్ తడిసిపోయాయి. ఆమెకు ఆ చాప్టర్ అంతా మళ్లీ రాసిచ్చాను. అప్పటి నుంచి సీసా కింద ఒక లోతైన పళ్లెం లేకుండా ఏదీ పులియబెట్టలేదు.

పైన రంగురంగుల నూగు బూజు కనిపిస్తే పై పొర తీసేసి సరిపెట్టకుండా మొత్తం పారేయండి. ఇంకొకటి, వెల్లుల్లిని నూనెలో ముంచి గదిలో నిల్వ ఉంచడాన్ని పులియబెట్టడంతో కలిపి చూడకండి. గాలి తగలని, పులుపు లేని ఆ నూనెలో బోటులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతకమైన విషం తయారయ్యే ప్రమాదం ఉంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి.

ఈ దారిలో కష్టం వంటలో లేదు, ఎదురుచూడటంలో ఉంది. ఈరోజు ఆకలికి ఇది పనికిరాదు. కానీ పరీక్షల సీజన్‌లో ఉత్త అన్నాన్నో, బ్రెడ్డునో ఒక చెంచా పులుపుతో బతికించేది ఇదే. పైగా ఇంకొకరికి నేర్పడం ఇంత తేలికైన వంట ఇంకోటి లేదు. "బరువు తూచు, రెండు శాతం ఉప్పు, మునిగేలా పెట్టు." ఒక్క ఫోన్ కాల్‌లో అయిపోతుంది.

## మంట లేని వంట

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సలాడ్లు, డిప్‌లు, కెటిల్ నీళ్లలో నానబెట్టిన సన్నటి రైస్ నూడిల్స్, చల్లటి సూప్‌లు. హాస్టల్ నిబంధనలు గట్టిగా ఉన్నవాళ్లకు ఇదొక్కటే నికరమైన దారి. సాహసం ఉండేది సాస్‌లో. ఉప్పు, పులుపు, తీపి, కొవ్వు, కారం, ఈ ఐదింటి పాళ్లు మార్చుతూ ఒక వారంలో ఏడు రకాలు చేయవచ్చు. నాలుకకు పదును పెట్టుకోవడానికి ఇంతకంటే చౌకైన బడి లేదు.

లోటు ఏమిటంటే వండటం రాదు. ఆరు నెలలు ఇదే చేసినా సెగ ఎంత పెట్టాలో, ఎప్పుడు దించాలో తెలియదు. కాబట్టి దీన్ని ఇంకో దారికి తోడుగా పెట్టుకోండి.

## వండాక ఎలా పంచుకోవాలి?

వంట ఎంచుకున్నంత శ్రద్ధగా దీన్ని ఎవరూ ఎంచుకోరు. నాకు మాత్రం ఇదే అసలు విషయం అనిపిస్తుంది.

కలిసి వండటం. ఒకే గిన్నె వంటకు ఇది బాగా నప్పుతుంది. ఒకరు తరుగుతారు, ఒకరు కలుపుతారు, అందరూ రుచి చూస్తారు. రాసివ్వలేని విషయాలు, అంటే ఉల్లిపాయ శబ్దం, పులుసు చిక్కదనం లాంటివి ఇక్కడే చేతికి అందుతాయి. ఇద్దరు ముగ్గురు దాటితే మాత్రం గది సరిపోదు, కత్తి దగ్గర గొడవ.

డబ్బాలో పట్టుకెళ్లడం. బేకింగ్‌కీ, పులియబెట్టిన వాటికీ ఇది తేలిక. వండిన అన్నం, పులుసులు, గుడ్డు, మాంసం లాంటివి మాత్రం గదిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం బయట వదిలేస్తే అవి మేల్కొని విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గిన్నెలో ఉన్నది లోపల చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంకో మాట. కొత్త వంట ఇతరులకు పెట్టే ముందు "నీకేమైనా పడవా?" అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. వేరుశెనగలు, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు, వీటిలో ఏది వేసినా డబ్బా మీద రాయండి. అలవాటైన వంటలో ఏముంటుందో తినేవాళ్లకు తెలుస్తుంది, కొత్త వంటలో తెలియదు. ఆ బాధ్యత వండినవాళ్లదే.

రాసివ్వడం. నాకు బాగా వచ్చిందనుకున్న ఒక పుల్లటి పులుసు ఒకసారి స్నేహితురాలికి రాసిచ్చాను. సెలవుల్లో ఫోన్ చేసింది.

"ఏంటే ఇది, నోట్లో పెట్టుకోలేకపోతున్నాం!"

"ఎన్ని కప్పుల టమాటా రసం వేశావ్?"

"రెండు. నువ్వు రాసినట్టే."

"ఏ కప్పు?"

ఆమె వాడింది పొద్దున కాఫీ తాగే పెద్ద మగ్. నేను వాడింది కొలత కప్పు. తప్పు నాదే, కప్పు అంటే ఎంతో రాయలేదు. అసలు కొలత కప్పులే అన్నిచోట్లా ఒకటి కావు, కొన్ని 240 మిల్లీలీటర్లు, కొన్ని 250. టేబుల్ స్పూను చాలాచోట్ల 15 మిల్లీలీటర్లైతే ఆస్ట్రేలియాలో 20. ఉప్పు సంగతి ఇంకా తేడా. మెత్తటి ఉప్పు టీస్పూను సుమారు 6 గ్రాములు తూగితే, పలుకుగా ఉండే ఉప్పు అందులో సగమే తూగవచ్చు. అందుకే ఇప్పుడు నేను గ్రాములు, మిల్లీలీటర్లు రాస్తాను. నిమిషాల పక్కనే కళ్లకు కనిపించే గుర్తు కూడా రాస్తాను: "8 నిమిషాలు, లేదా అంచులు బంగారు రంగుకి తిరిగేదాకా." ఎందుకంటే నా స్టవ్, వాళ్ల స్టవ్ ఒకటి కాదు.

రెండింతలు చేసుకునేవాళ్లకు ఒక గమనిక కూడా ఉండాలి. దినుసులు రెండింతలైతే సమయం రెండింతలు కాదు. నీరు ఇంకడం గిన్నె వెడల్పును బట్టి ఉంటుంది, కాబట్టి ద్రవం మొదట కొంచెం తక్కువ పోసి, అవసరమైతే కలుపుకోమని రాయండి. ఈ వంట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, అందులో మీరేం మార్చారో ఒక వాక్యం చేర్చండి. చేసేవాళ్లకు అసలు రుచి ఎటువైపుందో తెలుస్తుంది, నేర్పినవాళ్లకు దక్కాల్సిన గౌరవమూ దక్కుతుంది.

ఫోన్‌లో వీడియో. పిండి ఎంత జిగురుగా ఉండాలి, ఎలా మడవాలి లాంటివి చూపించడానికి దీనికి సాటి లేదు. కానీ చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు వీడియో వెనక్కీ ముందుకీ జరపడం నరకం. వీడియో తీసినా, కొలతలు మాత్రం విడిగా రాసి పంపండి.

## ఎవరికి ఏది?

ఒక్కరే ఉంటూ రోజూ కడుపు నింపుకోవాల్సినవాళ్లు ఒకే గిన్నె వంట పట్టుకోండి, ఇంకో ఆలోచన వద్దు. మొదటి నెలలో ఒకే వంటకాన్ని నాలుగుసార్లు చేయండి, ప్రతిసారీ ఒక్క విషయం మాత్రమే మార్చండి. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

అప్పుడప్పుడే వండుతూ, వండినప్పుడు పదిమందికి పెట్టాలనుకునేవాళ్లు బేకింగ్‌కి వెళ్లండి. ఓవెన్ సొంతంగా లేకపోతే ఉన్నవాళ్లతో ఒప్పందం పెట్టుకోండి. పిండి మీది, ఓవెన్ వాళ్లది, బ్రెడ్ చెరిసగం.

వాసన పడని రూమ్మేట్ ఉంటే పులియబెట్టేముందు తప్పక అడగండి, ముఖ్యంగా వెల్లుల్లి వేసేవైతే. కాదంటే మంట లేని వంటలతో కొన్నాళ్లు నడపండి. గది ఇద్దరిదీ.

చేతిలో డబ్బు చాలా తక్కువగా ఉండే నెల ఏదైనా ఉంటే ఆ నెల బేకింగ్ వద్దు. ఆ నెల పులియబెట్టడం, గింజలతో ఒకే గిన్నె వంట కలిపి చేయండి. ఎండు గింజలు, క్యాబేజీ, ఉప్పు, వీటిలో పాడై పోయేది దాదాపు ఏమీ ఉండదు.

ఓటమి అంటే బాగా టెన్షన్ పడేవాళ్లు, మొదటిసారి బాగా రాకపోతే మళ్లీ ముట్టనివాళ్లు మంట లేని వంటతో మొదలుపెట్టి, రెండు వారాల్లో గిన్నె దగ్గరికి రండి. సాస్‌లో రుచులు దిద్దడం అలవాటైన నాలుక పులుసు దగ్గర కూడా అక్కరకొస్తుంది. కొలతలంటే ఇష్టం ఉండి, ఓపికగా నోట్స్ రాసుకునే స్వభావం ఉన్నవాళ్లు మాత్రం నా సలహా పక్కనపెట్టి నేరుగా బ్రెడ్‌తో మొదలుపెట్టినా నెగ్గుకొస్తారు. ఒకటే షరతు, నీళ్లలో ముందు వేలు పెట్టి చూశాకే ఈస్టు వేయండి.